మూడో తరగతిలో చదువు ఎక్కడెక్కడ ఆగుతోంది?

పల్లెల్లో పిల్లల చదువు ఎలా ఉందో 2005 నుంచి చూస్తూ వస్తున్న అసర్ సర్వే వాడే సామగ్రి చాలా చిన్నది. ఒక కాగితం మీద కొన్ని అక్షరాలు, కొన్ని చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా ఒకటి, రెండో తరగతి స్థాయి కథ ఒకటి ఉంటాయి. ఇంటికి వెళ్లి ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తారు. 2018లో ఆంధ్రప్రదేశ్‌లో మూడో తరగతి పిల్లల్లో ఆ కథ చదవగలిగినవాళ్లు 22.6 శాతం. కోవిడ్ తర్వాత 2022లో అది 10.3కి పడిపోయింది. తెలంగాణలో 18.1 శాతం కాస్తా 5.2 అయింది. కోవిడ్ నష్టం ఎంతో ఈ తేడా చెబుతుంది. కోవిడ్‌కి ముందు కూడా అయిదుగురిలో సుమారు నలుగురు తమకంటే ఒక మెట్టు కింది కథను చదవలేకపోయారన్న సంగతి మాత్రం ఆ గోలలో మరుగున పడింది.

అంకెలు బయటికి వచ్చినప్పుడల్లా వాదన ఒకేలా నడుస్తుంది. టీచర్లు చెప్పడం లేదని ఒకరు, ఫెయిల్ చేయకపోవడమే కారణమని ఇంకొకరు, సెల్‌ఫోన్లని మరొకరు అంటారు. చదవలేని పిల్లలంతా ఒకే చోట ఆగిపోయారా అని అడిగేవాళ్లు తక్కువ. ఒక పిల్లకు అక్షరాలన్నీ వచ్చు, ఒత్తు కనిపిస్తే ఆగిపోతుంది. పక్కనున్న అబ్బాయి పేరా అంతా గడగడా చదివేస్తాడు, అందులో ఏముందని అడిగితే నోరు విప్పడు. వాళ్లింట్లో మాట్లాడేది లంబాడీ. వెనకాల కూర్చున్నవాడు జనవరి నుంచి బడికి రాలేదు, అమ్మానాన్నలతో మిరప కోతలకు వెళ్లాడు. ఇంకో పిల్లకు బోర్డు మీది గీతలే సరిగా కనిపించవు. నలుగురి పేర్ల పక్కనా రిజిస్టర్‌లో ఒకటే గుర్తు పడుతుంది. నలుగురికీ దొరికే మందు కూడా ఒకటే: మళ్లీ మొదటి నుంచి వర్ణమాల, మళ్లీ గుణింతాలు, పదేసిసార్లు రాసుకురావడం.

ఆ మందు మొదటి పిల్లకు కొంత పనిచేస్తుందేమో. మిగతా ముగ్గురికీ పనిచేయదు. రకరకాల పిల్లలకు చదవడం నేర్పే పని మెరుగుపడాలంటే ముందు ఈ నలుగురినీ విడదీసి చూడాలి. కొత్త పుస్తకాలు, ట్యాబ్‌లు, డిజిటల్ బోర్డులు ఆ తర్వాతి మాట.

లిపి దగ్గరే సగం కథ

తెలుగు చదవడం తేలికని పెద్దవాళ్లు అనుకుంటారు. రాసింది రాసినట్టే పలుకుతాం, ఇంగ్లిష్‌లా స్పెల్లింగ్ బాధ లేదు కదా అంటారు. అది నిజమే కానీ ఆ సుఖం లిపి మొత్తం చేతికి వచ్చాక దొరికేది. అక్కడికి చేరే దారి పొడవు. వర్ణమాలలో 56 అక్షరాలని చెప్పుకుంటాం. 35 హల్లులకు పన్నెండేసి గుణింతాలు వేసుకున్నా 420 రూపాలవుతాయి. వాటి మీద ద్విత్వాలు, సంయుక్తాలు. మనకు సోదర లిపి అయిన కన్నడం నేర్చుకునే పిల్లల మీద సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన ఒక విషయం తేల్చింది: అక్షరాలను పట్టుకునే పని మొదటి ఏడాదితో అయిపోదు, ప్రాథమిక తరగతుల పొడవునా సాగుతూనే ఉంటుంది. ఇంగ్లిష్‌లో 26 అక్షరాలు ఏడాదిలో ముగుస్తాయి కాబట్టి తెలుగులోనూ ఒకటో తరగతిలోనే ‘అక్షరాలు పూర్తి’ కావాలని లెక్క వేసుకుంటే, రెండో తరగతి టీచరు లేని పునాది మీద గోడ లేపుతున్నట్టే.

రూపాల సంఖ్య ఒక్కటే అయితే బట్టీ పట్టించి గట్టెక్కించవచ్చు. అసలు చిక్కు నిలకడ లేకపోవడంలో ఉంది. కొమ్ము ‘కు’ పక్కన నిలబడుతుంది, ‘పు’, ‘వు’లకు కింది నుంచి చుట్టుకుంటుంది. ‘కొ’లో కనిపించే ఒత్వం ‘మొ’లో అలా ఉండదు, అక్కడ ఎత్వం, కొమ్ము కలిసి ఒత్వం పని చేస్తాయి. ‘హా’లో దీర్ఘం దారి వేరు. పెద్దవాళ్ల కంటికి ఇవి ఆనవు. ఆరేళ్ల పిల్లకు మాత్రం ప్రతిదీ కొత్త బొమ్మ.

ఒత్తుల దగ్గర ఇంకా పెద్ద మలుపు ఉంది. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరాల్లా ఉండనే ఉండవు. పైగా కంటికి కనిపించే వరస, నోటితో పలికే వరస వేరవుతాయి. ‘రాత్రి’లో గుడి ‘త’ మీద కూర్చుంటుంది, దాని శబ్దం మాత్రం కింద ఉన్న ‘ర’ తర్వాత రావాలి. ‘స్త్రీ’ అయితే చెప్పనక్కర్లేదు. ‘రాతిర’ అని చదివిన పిల్లాడు కళ్లకు కనిపించిన వరసను నమ్ముకున్నాడు, అంతే. అతనికి కావాల్సింది ఒక్క వాక్యపు వివరణ, దాని వెంట ఇరవై ముప్పై మాటల సాధన. తరగతి గదిలో ఎక్కువగా దొరికేది ‘సరిగ్గా చూసి చదువు’ అన్న గద్దింపు.

మన వరసలో ఒక విచిత్రం కూడా ఉంది. ముందు అచ్చులు, తర్వాత హల్లులు, ఆ తర్వాత గుణింతం, చివరికి ఒత్తులు. అమ్మ, నాన్న, అక్క, అన్న, చెల్లి, తమ్ముడు, అవ్వ, బువ్వ, బొమ్మ, కుక్క, పిల్లి, చెట్టు, ఇల్లు... పిల్లల నోట్లో పొద్దస్తమానం ఆడే మాటల్లో చాలావాటికి ఒత్తు ఉంది. అంటే తనకు బాగా తెలిసిన మాటలన్నీ చదవాలంటే పిల్ల ఏడాది ఆగాలి. ఆ ఏడాదీ ఋషి, ఔషధం, ఘటం అంటూ ఇంట్లో ఎవరూ అనని మాటలతో గడపాలి. మన ఊళ్లలో ఋషిని చూసిన ఆరేళ్ల పిల్లాడు ఎక్కడా దొరకడు! వాడుక ఎక్కువగా ఉన్న అక్షరాలను ముందుకు తెచ్చి, అమ్మ, అక్కలతో పాటే మ-ఒత్తు, క-ఒత్తులను మొదటి నెలల్లోనే పరిచయం చేసి, ఋ, ఛ, ఝ, ఢలను తీరిగ్గా తర్వాత చెప్పుకుంటే కొంపలేమీ మునగవు. పాఠ్యపుస్తకాలు కొంతవరకు ఈ దారి పట్టాయి కూడా. ఇళ్లలో గోడ మీద చార్టులూ ట్యూషన్లూ మాత్రం ఇంకా అ-అమ్మ నుంచి ఱ-ఱంపం దాకా పాత వరసనే నడుపుతున్నాయి.

పాటలా వల్లె వేయించడం గురించి ఇక్కడే ఒక మాట. క, కా, కి, కీ అని ఏకబిగిన పాడే పిల్ల వేరు, విడిగా ‘ధే’ చూపిస్తే గుర్తుపట్టే పిల్ల వేరు. పాట వచ్చినంత మాత్రాన చూపు రాదు. విడి అక్షరం చూపించగానే ధ, ధా, ధి, ధీ అని గొంతులోనే గొణుక్కుంటూ అక్కడిదాకా నడిచి వచ్చే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. గుణింతపు పాట పనికిరాదని కాదు. వరస తప్పించి అడిగితే తప్ప, ఆ పాట వెనక ఎంత చదువు దాగుందో టీచరుకు తెలియదు. కలిసి చదివించే పద్ధతిలో ఇదే పెద్ద ప్రమాదం: నలభై గొంతుల్లో పదిహేను గొంతులు పెదవులు మాత్రమే కదుపుతుంటాయి.

ఇంటి మాట, బడి మాట

తెలంగాణలో షెడ్యూల్డ్ తెగల్లో జనాభాపరంగా పెద్ద సమూహం లంబాడాలది. తండా బడిలో చేరిన పిల్ల అమ్మను ‘యాడి’ అంటుంది, నీళ్లను ‘పాణీ’ అంటుంది. ఆదిలాబాద్ వైపు గోండి, కొలామి. భద్రాద్రి, ములుగు అడవుల్లో కోయ. శ్రీకాకుళం, పార్వతీపురం కొండల్లో సవర, కువి. ఇచ్ఛాపురం దగ్గర ఒడియా, చిత్తూరు సరిహద్దులో తమిళం, అనంతపురం అంచుల్లో కన్నడం, హైదరాబాద్ పాతబస్తీలో ఉర్దూ. తెలుగు మీడియం అన్న బోర్డు కింద కూర్చున్న పిల్లలందరి ఇంటి భాషా తెలుగే అనుకోవడం బల్లల దగ్గరికి వెళ్లి చూడనివాళ్ల ఊహ.

చదవడంలో రెండు పనులున్నాయి. గీతను శబ్దంగా మార్చుకోవడం ఒకటి, ఆ శబ్దాన్ని తెలిసిన మాటగా పోల్చుకోవడం రెండోది. తెలుగింటి పిల్ల ‘గు-ర్రం’ అని కూడబలుక్కోగానే కళ్ల ముందు గుర్రం నిలుస్తుంది, తాను సరిగ్గా చదివానని తనకే తెలిసిపోతుంది. ఆ మాట ఎప్పుడూ వినని పిల్లకు ఆ తోడు లేదు. సరిగ్గా చదివినా తప్పు చదివినా ఒకటే శబ్దం. కాబట్టి ఆ పిల్ల గీతల మీదే మొత్తం బలం పెట్టి, పైకి గట్టిగా చదవడం నేర్చుకుంటుంది. ఒకటో తరగతిలో మెచ్చుకోలు కూడా పొందుతుంది. మూడో తరగతిలో ప్రశ్నలకు సొంతంగా జవాబు రాయాల్సి వచ్చినప్పుడు గుట్టు బయటపడుతుంది. అప్పటికి రెండేళ్లు గడిచిపోయి ఉంటాయి.

దీనికి దారి చూపినవాడు మన దగ్గరే ఉన్నాడు. గిడుగు రామమూర్తి పంతులు పుట్టినరోజైన ఆగస్టు 29న ఏటా తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, వ్యావహారిక భాషోద్యమం గురించి ఉపన్యాసాలు ఇస్తాం. పర్లాకిమిడిలో పనిచేస్తున్నప్పుడు ఆయన సవర భాష నేర్చుకుని, ఆ పిల్లల కోసం ఆ భాషలోనే వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపిన సంగతి ఆ ఉపన్యాసాల్లో ఒక వాక్యానికి కుదించుకుపోతుంది. 1930లలో సవర వ్యాకరణాన్ని, నిఘంటువును కూడా అచ్చులోకి తెచ్చారు. వ్యావహారికం కోసం ఆయన చేసిన పోరాటానికీ సవర బడులకూ మూలం ఒకటే: పిల్ల నోట్లో ఉన్న భాష దగ్గర నుంచే చదువు మొదలుకావాలి.

ఆ తర్వాత చాలాకాలానికి, 2004 ప్రాంతంలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బహుభాషా విద్య పేరుతో ఆ పని ప్రభుత్వపరంగా మొదలైంది. సవర, కొండ, కువి, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా — ఎనిమిది భాషల్లో వాచకాలు తయారయ్యాయి. వాటిని తెలుగు లిపిలోనే అచ్చు వేశారు. అది తెలివైన నిర్ణయం. పిల్ల తనకు తెలిసిన మాటలతో లిపి నేర్చుకుంటుంది, ఆ తర్వాత తెలుగులోకి మారినప్పుడు మాటలే కొత్తవి, అక్షరాలు పాతవే. రెండు బరువులు ఒకేసారి నెత్తిన పడవు.

ఇలాంటి కార్యక్రమం నిలబడేది పుస్తకంతో కాదు, ఆ భాష వచ్చిన టీచరుతో. ఆ తెగ నుంచి వచ్చిన యువతీయువకులను వాలంటీర్లుగా పెట్టుకుని, ఏడాదికోసారి రెన్యువల్ చేస్తూ, రెగ్యులర్ టీచరుకు భాష నేర్పే ప్రయత్నమే చేయకపోతే, వాలంటీరు మానేసిన రోజున పుస్తకం బీరువాలోకి పోతుంది. తల్లిదండ్రుల్లోనూ అనుమానం ఉంటుంది: ఇంట్లో మాట్లాడే భాషకు బడెందుకు, ఇంగ్లిష్ చెప్పండి అంటారు. వాళ్లను తప్పుపట్టలేం. సొంత భాషలో చదివినవాడు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ముందుంటాడని వాళ్ల తండాలో కళ్ల ముందు కనిపిస్తే తప్ప, ఆ మాట సర్క్యులర్‌లో చదివి ఎవరు నమ్ముతారు?

ఆ భాష రాని టీచరు కూడా చేయగలిగింది కొంత ఉంది. అక్షరాల పని మొదలుపెట్టే ముందు కొన్ని వారాలు మాటల మీదే ఉండటం, బొమ్మ చూపించి ముందు వాళ్ల భాషలో పేరు అడిగి తర్వాత తెలుగు పేరు చెప్పడం, కథ తెలుగులో చెప్పి జవాబు ఏ భాషలో వచ్చినా ఒప్పుకోవడం. నాలుగో తరగతి అమ్మాయిని అనువాదకురాలిగా పక్కన పెట్టుకోవడం చాలామంది టీచర్లు ఎవరూ చెప్పకుండానే చేస్తున్న పని. ట్రైనింగ్‌లలో దానికి చోటు ఇస్తే బాగుంటుంది.

తెలుగు ఇంటి పిల్లలకు కూడా బడి తెలుగు పూర్తిగా సొంతం కాదు. ‘వేపచెట్టు’ అని ఉన్నచోట ‘యాపచెట్టు’ అనీ, ‘మేక’ను ‘మ్యాక’ అనీ చదివే పిల్లలు తెలంగాణలోనూ రాయలసీమలోనూ కోకొల్లలు. ఆ పిల్ల గీతను చూసింది, అర్థం పట్టుకుంది, తన ఇంటి ఉచ్చారణలో చెప్పింది. చదవడంలో ఇంతకంటే ఏం కావాలి? అక్కడ ఆపి దిద్దితే, తన నోటి మాట తప్పని పిల్లకు అర్థమవుతుంది, రేపటి నుంచి చదవమంటే తలొంచుకుంటుంది. రాసేటప్పుడు పుస్తకంలో ఇలా రాస్తారని చూపించడం వేరే పని, దానికి వేరే సమయం ఉంది. చదివేటప్పుడు వచ్చిన యాసను తప్పుల లెక్కలో వేయకూడదన్న చిన్న నియమం పరీక్షించేవాళ్లందరూ పాటించినా చాలామంది పిల్లల స్థాయి ఒక మెట్టు పైకి కనిపిస్తుంది.

వానాకాలం చదువులు, కనిపించని ఇబ్బందులు

వానాకాలం చదువు అని ఊరికే అనలేదు. కర్నూలు జిల్లా పడమటి మండలాలైన కోసిగి, కౌతాళం నుంచి కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు కదిలితే బడిలో బల్లలు ఖాళీ అవుతాయి. ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాల పిల్లలు తెలంగాణలో ఇంకో తీరుగా బడికి దూరమవుతారు. ఒకటో తరగతి పిల్లాడు సంక్రాంతికి వెళ్లి ఉగాది దాటాక వస్తే, వెళ్లేనాటికి గుణింతాల్లో ఉన్న తరగతి వచ్చేసరికి ఒత్తుల్లో ఉంటుంది. సీజనల్ హాస్టళ్లు పెడితే కొంతమంది ఊళ్లో ఆగుతారు. ఆగనివాళ్లు తిరిగొచ్చిన రోజున ఎక్కడ ఆగారో చూసి అక్కడి నుంచే అందుకునే ఏర్పాటు బడిలో ఉందా అన్నది ప్రశ్న. సిలబస్ క్యాలెండర్ ప్రకారం నడిచే తరగతిలో అది ఉండదు.

వైకల్యాల విషయంలో చట్టం ముందే ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది, చదవడం రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందులు, అంటే డిస్లెక్సియా లాంటివి, అందులో ఉన్నాయి. మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రాలు, వాటిలో రిసోర్స్ టీచర్లు ఉన్నారు. లోటు ఎక్కువగా గుర్తించడంలోనే. ఇంగ్లిష్ పుస్తకాల్లో చెప్పే లక్షణాలను తెలుగుకు అలాగే అతికిస్తే కుదరదు. రాసినట్టు పలికే లిపుల్లో డిస్లెక్సియా ఉన్న పిల్లలు తప్పులు చదవడం కంటే ఎక్కువగా చాలా నెమ్మదిగా చదువుతారు. తప్పు లేదు కాబట్టి ఎవరి కంటా పడరు, బద్ధకస్తులన్న పేరు మాత్రం మోస్తారు. ఇంకోవైపు, ఆరేళ్ల పిల్ల అక్షరం తిప్పి రాసిందని కంగారుపడే అమ్మానాన్నలకు టెన్షన్ అక్కర్లేదు. ఆ వయసులో అది మామూలే. ఏ పెద్ద పేరూ పెట్టే ముందు కంటిచూపు, వినికిడి పరీక్ష చేయించాలి. బోర్డు కనిపించక వెనకబడిన పిల్లలకు కళ్లజోడే చదువు.

చూపు లేని పిల్లల బ్రెయిలీ గురించి ఒక ముచ్చట: భారతి బ్రెయిలీలో గుణింతపు గుర్తులు హల్లు మీదా కిందా చేరవు, పలికే వరసలోనే ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. అచ్చు లిపిలో మన పిల్లలను ఏడిపించే మెలిక అక్కడ లేదు!

స్థాయిని బట్టి చెప్పడం: ఎక్కడ పనిచేసింది, ఎక్కడ చేయలేదు

ఇన్ని రకాల పిల్లలు ఒకే గదిలో ఉంటే ఒక్క టీచరు ఏం చేయగలరు? విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు. అయిదు తరగతులకు ఇద్దరు. అందులో ఒకరు సెలవు పెడితే ఆ రోజు ఏకోపాధ్యాయ పాఠశాలే. ఒక గదిలో రెండు మూడు తరగతులు కలిసి కూర్చోవడం మన దగ్గర మామూలు సంగతి.

ఈ పరిస్థితినే ఆధారం చేసుకుని ఒక పద్ధతి తెలుగు నేల మీదే పుట్టింది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో 1980ల చివర్లో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెబడుల కోసం పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. కార్డులన్నీ ఒక నిచ్చెన మీద మెట్లుగా ఉంటాయి. ప్రతి పిల్లా తాను ఏ మెట్టు మీద ఉందో చూసుకుని తన కార్డు తానే తీసుకుంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు టీచరు దగ్గర, సాధన చేసేవాళ్లు తోటివాళ్ల దగ్గర, బాగా వచ్చినవాళ్లు ఎవరికి వాళ్లుగా కూర్చుంటారు. నెల రోజులు ఊరెళ్లి వచ్చిన పిల్ల ఆగిన మెట్టు మీద నుంచే మొదలుపెడుతుంది. 1995లో మైసూరు జిల్లా హెచ్‌.డి.కోటె టీచర్లు వచ్చి చూసి వెళ్లి కన్నడంలో ‘నలి-కలి’ తయారుచేసుకున్నారు. చెన్నై కార్పొరేషన్ బడులు 2003లో అందుకున్నాయి, కొన్నేళ్లలో తమిళనాడు అంతా పాకింది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఇది రచ్చలో గెలిచింది కానీ సొంత రాష్ట్రపు మామూలు బడుల్లో ఆ స్థాయిలో వేళ్లూనుకోలేదు.

రెండో పద్ధతి, అసర్ సర్వే చేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థది. తరగతి అంకె పక్కన పెట్టి, అసర్ కాగితంతో ఎవరు ఏ స్థాయిలో ఉన్నారో చూసి, మూడు నుంచి అయిదు తరగతుల పిల్లలను ఆ స్థాయిల వారీగా కలిపి కూర్చోబెట్టి చెప్పడం. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోల బృందం ఏళ్ల తరబడి పరీక్షించిన పద్ధతి ఇది. 2019లో వాళ్లకు, మైఖేల్ క్రెమర్‌కు కలిపి నోబెల్ వచ్చింది. ఆ పరీక్షల్లో గెలుపు కంటే ఓటమి ఎక్కువ నేర్పుతుంది. బీహార్, ఉత్తరాఖండ్‌లలో ప్రభుత్వ టీచర్లకు ట్రైనింగ్, సామగ్రి ఇచ్చినా బడి రోజుల్లో ఫలితం రాలేదు. కారణం, టీచరు సిలబస్ పూర్తిచేసే పనిలోనే ఉండిపోయారు, ఈ పద్ధతికి సమయమే దక్కలేదు. అదే బీహార్‌లో అదే ప్రభుత్వ టీచర్లు వేసవి శిబిరాల్లో చెప్పినప్పుడు పిల్లలు ముందుకు కదిలారు. 2012-13లో హర్యానాలో రోజుకో గంట విడిగా కేటాయించి, ఆ గంటలో స్థాయిల వారీగానే చెప్పాలని కచ్చితంగా పెట్టి, చూసే అధికారులకు కూడా దాన్ని నేర్పించాక బడి రోజుల్లోనూ ఫలించింది. అదే హర్యానాలో నిరంతర సమగ్ర మూల్యాంకనం పేరుతో టీచర్ల చేత రికార్డులు రాయించిన కార్యక్రమాన్నీ పరిశోధకులు కొలిచారు. పిల్లల చదువులో చెప్పుకోదగ్గ మార్పేమీ కనిపించలేదు.

మన అధికారులు గోడకు అంటించుకోవాల్సిన ఫలితం ఇది. పిల్లను కొలిచినందువల్ల పిల్లకు చదువు రాదు. కొలిచాక మర్నాడు చెప్పే పాఠం మారితేనే వస్తుంది. 2021 జులైలో కేంద్రం నిపుణ్ భారత్ మొదలుపెట్టి, 2026-27 నాటికి మూడో తరగతి పూర్తిచేసే ప్రతి పిల్లకూ చదవడం, లెక్కలు రావాలని గడువు పెట్టుకుంది. అదే లక్ష్యంతో తెలంగాణ 2022 ఆగస్టు 15న ‘తొలిమెట్టు’ కార్యక్రమం తెచ్చింది. ఉద్దేశంలో వంక పెట్టడానికి లేదు. బేస్‌లైన్, మిడ్‌లైన్, ఎండ్‌లైన్ అంటూ ఏడాది మొదట్లో, మధ్యలో, చివర్లో కొలిచి యాప్‌లో అంకెలు ఎక్కించడానికి పట్టే సమయం, ఆ అంకెలను చూసి పాఠం మార్చుకోవడానికి దొరికే సమయం పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం త్రాసు ఎటు మొగ్గుతుందో ప్రాథమిక తరగతులు చెప్పే ఏ ఎస్‌జీటీని (సెకండరీ గ్రేడ్ టీచరును) అడిగినా చెబుతారు.

కొలతలోనూ ఒక తిరకాసు ఉంది. మూడో తరగతి చివరికి నిమిషానికి కనీసం 60 మాటలు చదవాలన్నది నిపుణ్ లక్ష్యం. హిందీలో ‘చలా జా రహా హై’ నాలుగు మాటలు. తెలుగులో ‘వెళ్లిపోతున్నాడు’ ఒకటే. విభక్తులు, క్రియాంతాలు అన్నీ మాటకే అతుక్కునే భాషలో మాట పొడవు వేరు, నిమిషానికి పట్టే మాటల లెక్కా వేరు. ఎన్‌సీఈఆర్‌టీ 2022లో చేసిన అధ్యయనం 20 భాషలకు విడివిడిగా ప్రమాణాలు పెట్టడానికి కారణం ఇదే. అయినా కింది స్థాయి మీటింగుల్లో అరవై అన్న అంకె ఒక్కటే చలామణీలో ఉంటే, పిల్లలు వేగం కోసం అర్థాన్ని వదిలేసి పరుగెత్తడం నేర్చుకుంటారు. ఇంటి భాష తెలుగు కాని పిల్లల్లో ఆ జబ్బు ముందే ఉంది కదా.

స్థాయిల వారీ గుంపులకు సొంత ప్రమాదం ఉంది. ఏ, బీ, సీ అని పేర్లు పెట్టి జూన్‌లో కూర్చోబెడితే, ఏప్రిల్ దాకా సీ గ్రూపు సీ గ్రూపుగానే ఉండిపోతుంది. ఏ ఇంటి పిల్లలు ఆ గుంపులో ఎక్కువ కనిపిస్తారో ఊళ్లో అందరికీ తెలుసు, పిల్లలకూ తెలుసు. ప్రథమ్ పద్ధతిలో కొన్ని వారాలకోసారి మళ్లీ చూసి గుంపు మార్చడం అందుకే ముఖ్యం. ఆ గుంపు పని రోజులో ఒక గంటకే పరిమితం కావాలి, మిగతా సమయం అందరూ కలిసే కూర్చోవాలి. కథ వినడానికి స్థాయి అక్కర్లేదు. అక్షరం రాని పిల్ల కూడా నక్క ఎందుకు అబద్ధం చెప్పిందో వాదించగలదు, ఆ వాదనలోనే రేపు చదవబోయే మాటలు చెవిన పడతాయి.

ఇంగ్లిష్ మీడియం ఈ లెక్కలన్నిటినీ కలగలిపేసింది. రెండు రాష్ట్రాలూ ప్రభుత్వ బడులను అటు నడిపించాయి, ఒక పేజీలో తెలుగు, పక్క పేజీలో ఇంగ్లిష్ ఉన్న ద్విభాషా పుస్తకాలు ఇచ్చాయి. తల్లిదండ్రులు కోరుకున్నదే కాబట్టి వెనక్కి వెళ్లే ప్రశ్న లేదు. కానీ మీడియం మారినప్పుడు తెలుగు ఒక సబ్జెక్టుగా మిగిలి, దానికి దక్కే పీరియడ్లు తగ్గాయి. 420 రూపాల లిపికి నేర్చుకునే సమయం తగ్గింది, అదే సమయంలో నిలకడ లేని స్పెల్లింగుల రెండో లిపి వచ్చి చేరింది. తెలుగులో చదవడం పట్టుబడిన పిల్ల ఇంగ్లిష్‌లోకి ఆ నేర్పును వెంట తీసుకెళ్తుంది. రెండూ సగంలో ఉన్న పిల్లకు వెంట తీసుకెళ్లడానికి ఏమీ ఉండదు. మొదటి రెండేళ్లు తెలుగు గంటను కుదించకుండా కాపాడటం ఇంగ్లిష్ కోసమే అవసరం.

ఇదంతా చివరికి ఒకటి, రెండు తరగతుల టీచరు దగ్గర తేలుతుంది. 2022లో ఆంధ్రప్రదేశ్ 117 జీవోతో చాలాచోట్ల మూడు, నాలుగు, అయిదు తరగతులు హైస్కూళ్లకు తరలిపోయాయి, ఒకటి, రెండు తరగతులు ఒక్క ఎస్‌జీటీ చేతిలో ఊళ్లోనే మిగిలాయి. 2025లో ఆ విధానాన్ని పక్కన పెట్టి బడులను మళ్లీ కొత్తగా వర్గీకరించారు. ఏ వర్గీకరణ వచ్చినా మారని అలవాటు ఒకటుంది: అనుభవం ఉన్న టీచరుకు అయిదో తరగతి, కొత్తగా చేరినవాళ్లకో డెప్యుటేషన్‌పై వచ్చినవాళ్లకో ఒకటో తరగతి. ఒకటో తరగతిలో ఏముంది, అ ఆలే కదా అన్న ధీమా అది. ఒకటో తరగతి పిల్లలను అదే టీచరు రెండో తరగతికీ తీసుకెళ్లే ఏర్పాటు చేయడానికి జీవో కూడా అక్కర్లేదు. ఎవరు ఏ ఒత్తు దగ్గర ఆగారో, ఎవరింట్లో ఏ భాష మాట్లాడతారో, సంక్రాంతికి ఊరెళ్లి ఎవరు ఎప్పుడొచ్చారో తెలిసిన మనిషి రెండేళ్లు వాళ్లతోనే ఉంటారు. బడి తెరిచే జూన్ 12న టైంటేబుల్ వేసేటప్పుడు హెడ్‌మాస్టరు తీసుకోగల నిర్ణయం అది.